కుక్కతో కాటేజీకి: సముద్రం ఒడ్డునా, పొలాల మధ్యనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్, పదకొండేళ్ల పోమరేనియన్ ఉన్నాయి. నాలుగు రోజుల సెలవులకి రెండు కాటేజీలు చూసి పెట్టుకున్నారు. ఒకటి సరిగ్గా సముద్రం ఒడ్డున, రెండోది పొలాల మధ్య. రెండింటి పేజీల్లోనూ ‘పెట్ ఫ్రెండ్లీ’ అని రాసి ఉంది. ఏది తీసుకోవాలి, డబ్బు కట్టే ముందు ఏం అడగాలి, రెండు కుక్కల్నీ తీసుకెళ్లొచ్చా అని అడిగారు. చాలాకాలంగా ఇలాంటి అద్దె కాటేజీల నిర్వహణ చూస్తున్నాను. ఇంట్లో ఎప్పుడూ కుక్కలు ఉంటూనే ఉన్నాయి. కాబట్టి ఇల్లు ఇచ్చేవాళ్లు ఏం ఆలోచిస్తారో, కుక్కతో వచ్చేవాళ్లకి ఎక్కడ ఇబ్బంది అవుతుందో రెండూ తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒడ్డునే ఉన్న ఇల్లు వద్దు. సముద్రానికి పది పదిహేను నిమిషాల నడక దూరంలో, కాస్త లోపలికి, చుట్టూ ప్రహరీయో గట్టి కంచెయో ఉన్న ఇల్లు వెతకండి. ఫొటోల్లో అలల పక్కన వరండా బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. కానీ కుక్క రోజులో ఎక్కువ సేపు గడిపేది ఇంట్లో, పెరట్లోనే. బీచ్ మీద ఉండేది పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఒడ్డున ఉన్న ఇళ్లకి చాలావరకు సముద్రం వైపు కంచె ఉండదు, అది ఉంటే వ్యూ పోతుందని. దారిన పోయేవాళ్లు, వేరే కుక్కలు, చేపల వాసన, అన్నీ గుమ్మం ముందే. లాబ్రడార్‌కి తలుపు తెరిస్తే నీళ్లు కనిపిస్తాయి. ఇక దాన్ని ఆపడమే మీ నాలుగు రోజుల పని.

‘పెట్ ఫ్రెండ్లీ’ అని రాసి ఉందంటే కుక్కని తెస్తే గొడవ పెట్టుకోరు అన్నంతవరకే భరోసా. ఆ ఇల్లు కుక్కకి పనికొస్తుందా అన్నది మీరు అడిగి తెలుసుకోవాల్సిందే. యజమానికి ఫోన్ చేసి మొదట అడగాల్సింది కంచె గురించి. “కంచె ఉందా?” అని అడిగితే “ఉందండి” అనే అంటారు. “ఇంటి చుట్టూ పూర్తిగా ఉందా, ఎత్తెంత, గేటు కింద సందు ఎంత, గేటు దానంతట అదే మూసుకుంటుందా?” అని అడగండి. వీలైతే ఈ మధ్య తీసిన ఫొటోలు పంపమనండి. కంచె దిట్టంగా ఉన్నవాళ్లు వెంటనే పంపిస్తారు. నీళ్లు నమిలితే అక్కడితో వదిలేయండి. కుక్క తల పట్టిన సందులోంచి ఒళ్లంతా దూరిపోతుందని గుర్తుపెట్టుకోండి. మీ పోమరేనియన్‌కైతే గేటు కింద పిడికిలి దూరే సందు ఉన్నా చాలు. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూస్తే రోడ్డు ఎంత దగ్గరో, పక్కన చెరువో కాలువో ఉందో, పశువుల కొట్టం ఉందో మీకే కనిపిస్తుంది. పేజీలోని ఫొటోల కంటే అదే ఎక్కువ నిజం చెబుతుంది.

రెండో ప్రశ్న, కుక్కని ఇంట్లో ఒంటరిగా వదిలి మీరు బయటికి వెళ్లొచ్చా? చాలా కాటేజీల్లో వద్దంటారు. ఇది చాదస్తం కాదు. కొత్త ఇంట్లో ఒంటరిగా ఉన్న కుక్క తలుపు చెక్కని గోళ్లతో చీలికలు చేసేస్తుంది, లేదా గంటల తరబడి ఊళ పెడుతుంది, పక్కింటివాళ్లు మాకు ఫోన్ చేస్తారు. ఈ నియమం ఉంటే మీరు భోజనానికి బయటికి వెళ్లాలన్నా, ఏదైనా చూడటానికి వెళ్లాలన్నా ఒకరు ఇంట్లో ఉండాలి. అందుకే వంటగది సరిగ్గా ఉన్న ఇల్లు చూసుకోమంటాను. కార్లో వదిలి వెళ్దామనే ఆలోచన మాత్రం అసలు పెట్టుకోకండి. బయట 24 డిగ్రీలే ఉన్నా, ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లో 34 దాటుతుంది, అరగంటకి 43 అవుతుంది. అద్దాలు కాస్త దించినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు.

మిగతావి ఒకే ఫోన్‌లో అడిగేయొచ్చు. ఎన్ని కుక్కల్ని ఒప్పుకుంటారు, అదనపు రుసుము రాత్రికా మొత్తం బసకా, డిపాజిట్ ఎంత, పడగ్గదుల్లోకి రానిస్తారా, మెట్లు ఎలా ఉన్నాయి, బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంత, స్విమ్మింగ్ పూల్ ఉంటే దానికి అడ్డు ఉందా, యజమానికి సొంత కుక్క ఉందా, చుట్టుపక్కల వీధికుక్కలు ఎక్కువా. బయట కుళాయి ఉందో లేదో తప్పకుండా అడగండి. బీచ్ నుంచి వచ్చిన లాబ్రడార్‌ని బాత్రూమ్‌లో కడిగితే ఇసుక డ్రెయిన్‌లోకి పోతుంది, అది ఒళ్లు దులుపుకుంటే నీళ్లు గోడల మీదికి చిందుతాయి. రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఎంత దూరమో బుక్ చేయకముందే కనుక్కోండి. గంట పైన ప్రయాణం అంటే నేనైతే ఆ ఇల్లు తీసుకోను. మీరు వెళ్లే బీచ్‌లో కుక్కల్ని ఏ నెలల్లో, ఏ వేళల్లో రానిస్తారో కూడా స్థానికంగా అడగాల్సిందే. సీజన్లో నిషేధం పెట్టి, మిగతా రోజుల్లో వదిలేసే చోట్లు చాలా ఉంటాయి. తాబేళ్లు, పక్షులు గుడ్లు పెట్టే కాలమైతే నిషేధం లేకపోయినా పట్టీ విప్పకండి.

ఒక మాట మా వైపు నుంచి. మీ కుక్క గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రెండు కుక్కలుంటే ఒకటని చెప్పడం, ముప్పై కిలోల కుక్కని ‘చిన్నదే’ అనడం, సోఫా ఎక్కే అలవాటు దాచడం, ఇవన్నీ గేటు దగ్గరే బయటపడతాయి. ముందే చెబితే మేమే పాత దుప్పటి పరిచి, తివాచీ తీసేసి ఉంచుతాం. ఇంట్లోకి వెళ్లగానే తలుపుల మీద, సోఫా కాళ్ల మీద అప్పటికే ఉన్న గీతలకి ఫోన్లో ఫొటోలు తీసి యజమానికి పంపేయండి. డిపాజిట్ దగ్గర మాటామాటా రాదు.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు కొద్దిగా పెట్టండి, కడుపు నిండా వద్దు. రెండు గంటలకోసారి ఆపండి. డోరు తెరిచే ముందే పట్టీ చేతిలో ఉండాలి. ఇలా దారిలో ఆగిన చోట కుక్కలు తప్పిపోవచ్చు.

చేరాక నేరుగా ఇంట్లోకి తీసుకెళ్లకండి. ముందు బయట బాగా తిప్పండి, పని కానివ్వండి. ఆ తర్వాత పట్టీతోనే ఒక్కో గదీ వాసన చూడనివ్వండి. మీకంటే ముందు వచ్చినవాళ్ల కుక్క వాసన సోఫా కాలి దగ్గరో, తలుపు మూలనో తప్పకుండా ఉంటుంది. మీవాడు అక్కడ ముక్కు ఆనించి ఆగాడంటే కాలెత్తబోతున్నాడనే లెక్క, మెల్లగా పక్కకి లాగేయండి. ఇంటి నుంచి వాడి పాత పరుపు, ఉతక్కుండా తెచ్చుకోండి. కొత్త చోట ఆ వాసనే వాడికి ధైర్యం. మొదటి రాత్రి మీ గదిలోనే పడుకోబెట్టుకోండి. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినా, కిటికీ రెక్క కొట్టుకున్నా లేచి గుమ్మం దగ్గర నిలబడి చెవులు రిక్కిస్తాడు. కసరకండి, రెండో రాత్రికి ఆ చప్పుళ్లు వాడికి అలవాటైపోతాయి.

టేబుల్ మీద యజమాని పెట్టిన స్వాగతం బుట్ట ఉంటుంది కదా, దాన్ని ముందు ఎత్తు మీద పెట్టండి. అందులో మామూలుగా ఉండేవి చాక్లెట్లు, ద్రాక్ష, కిస్మిస్ వేసిన కేకు. మూడూ కుక్కకి విషమే. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ ఇంకా ప్రమాదం, తక్కువ మోతాదులోనే కుక్కకి రక్తంలో చక్కెర పడిపోతుంది. మీ హ్యాండ్‌బ్యాగుల్లోని ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రలు కూడా అందకుండా పెట్టండి. కుంటుతున్నాడని అవి మీరే వేసేయడం అసలే వద్దు.

ఇప్పుడు బీచ్ సంగతి. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బంతి తెచ్చిన ప్రతిసారీ లాబ్రడార్ ఒక గుక్క మింగుతుంది. కొంచెమైతే విరేచనాలతో పోతుంది. ఎక్కువైతే వాంతులు, తూలడం, వణుకు, ఫిట్స్ దాకా వెళ్తుంది. ప్రాణం మీదికి రావచ్చు. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, పావుగంటకోసారి నీళ్లలోంచి బయటికి పిలిచి తాగించండి. తూలుతున్నట్టు అనిపిస్తే మీ సొంత వైద్యం వద్దు, డాక్టర్ దగ్గరికే. పొడి ఇసుక మీద బంతి విసరడం కూడా మంచిది కాదు. తడి బంతికి ఇసుక అంటుకుని కడుపులోకి పోతుంది, అది పేగుల్లో గడ్డకట్టి అడ్డుపడితే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. తడిసి గట్టిపడిన ఇసుక మీద, నీళ్లమీద తేలే రబ్బరు బొమ్మతో ఆడించండి.

ఆటుపోట్ల సమయాలు చూసుకోకుండా రాళ్ల చాటుకో, చిన్న గుహల వైపుకో వెళ్లకండి. ఎక్కువ తీరాల్లో పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. ఈ సమయం రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. నిన్న పొద్దున ఎనిమిదింటికి నీళ్లు దూరంగా ఉన్నాయి కదా అని మూడో రోజు కూడా అదే టైముకి బయల్దేరితే లెక్క తప్పుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి నీళ్లు మామూలుకంటే పైకి వస్తాయి. కుక్క అలల్లోకి కొట్టుకుపోతోందనిపిస్తే మీరు దూకకండి. గట్టు మీద నుంచే పిలుస్తూ, అది బయటికి రావడానికి వీలున్న వైపు నడవండి. చాలాసార్లు కుక్క తనంతట తనే బయటపడుతుంది, దాని కోసం దిగిన మనిషి చిక్కుకుపోతాడు. వీపు మీద పట్టుకోవడానికి పిడి ఉన్న లైఫ్ జాకెట్ ఒకటి కొని పెట్టుకుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒడ్డుకి కొట్టుకొచ్చినవాటి మీద కన్నేసి ఉంచండి. జెల్లీ చేప చచ్చిపడి ఉన్నా దాని తీగలు కుడతాయి. చచ్చిన బుడగ చేపల్లో కొన్నింటిలో ఉండే విషానికి విరుగుడు లేదు. గాలం ముక్కలు, కుళ్లిన చేపలు సరేసరి. “వదిలెయ్” అంటే నోట్లోది వదిలేయడం మీవాడికి రాకపోతే ప్రయాణానికి ముందున్న వారాలు దాని మీదే పెట్టండి. కూర్చో, చెయ్యివ్వు లాంటివి తర్వాతైనా నేర్పొచ్చు.

లాబ్రడార్లకే ఎక్కువగా వచ్చే ఒక విచిత్రం ఉంది, తెలియకపోతే హడలిపోతారు. చల్లటి నీళ్లలో బాగా ఈదిన మర్నాడు తోక మొదట్లో కాస్త అడ్డంగా నిలబడి, అక్కణ్ణుంచి చచ్చుబడినట్టు కిందికి వేలాడుతుంది. ముట్టుకుంటే కుయ్యిమంటుంది, కూర్చోడానికి ఇబ్బంది పడుతుంది. ఎముక విరిగిందనే అనుకుంటారు. తోక కండరాలు అలిసి దెబ్బతినడం వల్ల వచ్చేది ఇది. విశ్రాంతి ఇస్తే కొద్ది రోజుల్లో, మహా అయితే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ఒకసారి డాక్టర్‌కి చూపిస్తే నొప్పికి కుక్కలకి ఇచ్చే మందే రాస్తారు. దీన్ని తప్పించాలంటే మొదటి రోజే గంటల తరబడి ఈదనివ్వకూడదు. ఈత అయ్యాక మంచినీళ్లతో కడిగి, చెవుల లోపలి వైపు కూడా మెత్తటి గుడ్డతో తుడవండి. వేలాడే చెవుల్లో తడి ఉండిపోతే ఇన్ఫెక్షన్ రావచ్చు.

ఎండ గురించి ఒక్కమాట. రోడ్డు మీద అరచేతి వెనక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలు కూడా దాన్ని ఓర్చుకోలేవు. నాలుక బాగా బయటపెట్టి ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బ. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ముందు నీడకి తీసుకెళ్లి ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ గాలి విసరండి, ఆ తర్వాతే కారెక్కించండి. తడి తువ్వాలు కప్పి ఉంచకండి, కాసేపటికి అదే వేడిని లోపల ఆపేస్తుంది.

పొలాల ఇంటికి వెళ్తే సముద్రం భయం ఉండదు కానీ కంటికి కనిపించనివి ఎక్కువ. నేను అన్నిటికంటే ముందు భయపడేది ఎలుకల మందుకి. పల్లె ఇళ్లలో ధాన్యం ఉంటుంది, ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట మందు. షెడ్డులో, మెట్ల కింద, వంటగది బీరువా వెనక ఎక్కడ పెట్టారో యజమానిని సూటిగా అడగండి, తీయించండి. ఎక్కువగా వాడే మందులు రక్తం గడ్డకట్టకుండా చేసేవి. తిన్న రోజు కుక్కకి ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంది. మూడు నుంచి ఐదు రోజులకి నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి మీరు సెలవులు ముగించుకుని ఇంటికొచ్చేసి ఉంటారు, కాటేజీ సంగతి మీకు తట్టదు, డాక్టర్‌కి చెప్పరు. తిందని అనుమానం వచ్చిన గంటలోనే ప్యాకెట్‌తో సహా వెళ్తే వాంతి చేయిస్తారు. ఆలస్యమైనా విటమిన్ కె1తో నయమవుతుంది, కానీ వారాల తరబడి వాడాలి.

పశువులున్న చోట పట్టీ విప్పకండి. ఎంత బుద్ధిమంతుడైన లాబ్రడార్ అయినా మేక పరిగెడితే వెంటపడుతుంది. దూడలున్న ఆవుల మంద పక్కనుంచి అసలే వెళ్లొద్దు, చుట్టుదారి పట్టండి. ఒకవేళ ఆవులు మీ మీదికి వస్తే పట్టీ వదిలేయండి. వాటి కోపం కుక్క మీద. కుక్క మీకంటే వేగంగా పారిపోతుంది. పట్టుకుని నిలబడితే దెబ్బ మీకు తగులుతుంది.

గోమార్లు పట్టాయేమో సాయంత్రం నడక నుంచి రాగానే చూడాలి, రేపు చూద్దాంలే అనకండి. గోమారి మోసుకొచ్చే జబ్బుల్లో కొన్ని అది ఒక రోజు, ఆ పైన కరిచిపట్టుకుని ఉంటేనే ఒంట్లోకి దిగుతాయి, ఇంకొన్ని అంతకంటే త్వరగానే. చెవుల లోపల, బెల్టు కింద, చంకల్లో, వేళ్ల మధ్య, తోక కింద వేళ్లతో తడుముతూ పోండి, మెంతిగింజలాంటిది తగిలితే ఆగండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. నివారణ మందు బయల్దేరడానికి ముందే వేయించండి. అదే చేత్తో పాదాల మధ్య గడ్డి ముళ్లు కూడా చూడండి. కొన్ని రకాల గడ్డి గింజలకి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి, చర్మంలో దిగితే ముందుకే పోతాయి తప్ప బయటికి రావు. ఉన్నట్టుండి తల విదిలిస్తున్నా, వరసపెట్టి తుమ్ముతున్నా, ఒకే పాదాన్ని నాకుతున్నా అదే కావచ్చు.

నిలవ నీళ్లు తాగనివ్వకండి. ఎండాకాలంలో చెరువుల మీద పచ్చరంగు ఒలకబోసినట్టు తేలే నీలి ఆకుపచ్చ పాచిలో కొన్ని రకాలు కుక్కని గంటల్లో చంపేస్తాయి. గుంటల్లో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, అది మనుషులకీ అంటుతుంది. దీని టీకా మొదటిసారైతే రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి నాలుగు వారాల గడువు, ఆ తర్వాత ఏడాదికోసారి. అందుకే ప్రయాణానికి వారం ముందు డాక్టర్ దగ్గరికి పరిగెత్తితే లాభం లేదు, నెలన్నర ముందే వెళ్లండి. రేబిస్ టీకా కార్డు ఫొటో ఫోన్లో ఉంచుకోండి. పాము కరిస్తే కట్టు కట్టకండి, కోసి పీల్చకండి. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని కారులోకి చేర్చండి.

బెల్టుకి మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఉండాలి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని పేరు మీద నమోదైన వివరాల్లో మీ పాత ఫోన్ నంబరే ఉండిపోయిందేమో చూడండి, చాలామందికి అలాగే ఉంటుంది. కుక్క తప్పిపోతే కాటేజీకి తిరిగి వస్తుందని ఎదురుచూడకండి, ఆ ఇల్లు దానికి ఇంకా ఇల్లు కాలేదు. మిమ్మల్ని చివరిగా చూసిన చోటికి, లేదా కారు ఆపిన చోటికి వచ్చే అవకాశమే ఎక్కువ. ఒకరు అక్కడే ఉండాలి, మీరు వేసుకుని విడిచిన చొక్కా అక్కడ పెట్టాలి, మిగతావాళ్లు వెతకాలి.

ఇక మీ పోమరేనియన్. పదకొండేళ్లంటే చూపు, వినికిడి కాస్త తగ్గి ఉంటాయి. మీ ఇంట్లో గోడలు, మెట్లు దానికి అలవాటు కాబట్టి ఆ లోపం మీకు కనిపించదు. కొత్త ఇంట్లో గచ్చు మీద జారుతుంది, గుమ్మాలకి తగులుకుంటుంది, రాత్రి నీళ్ల గిన్నె ఎక్కడుందో తెలియక తిరుగుతుంది. గుండె జబ్బో, శ్వాసనాళం సమస్యో ఉంటే (పోమరేనియన్లలో శ్వాసనాళం సమస్య మామూలే) ఎండ, ప్రయాణం రెండూ భారమే. ఇంటికొచ్చి చూసుకునేవాళ్లు, అది బాగా ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఈసారికి దాన్ని ఇంట్లోనే ఉంచండి. లేకపోతే తీసుకెళ్లండి, కానీ అప్పుడు ఇల్లు ఎంచుకోవాల్సింది దానికోసం, లాబ్రడార్ కోసం కాదు: ఒకే అంతస్తు, మెట్లు లేనిది, జారని నేల, గేటు కింద సందు లేనిది. మీరు చూసిన రెండింటిలో అలాంటిది లేకపోతే మూడోది వెతకండి. దొరికితే దాని లింకు, కంచె ఫొటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.